గట్టు మీద నడుస్తుంటే కెమెరా తిరిగిపోతోంది, ఏం చేయాలి?

గాజువాక నుంచి రాస్తున్నాను. పీఎస్ 2 (సోనీ గేమ్ కన్సోల్)లో పాత యాక్షన్ గేమ్ ఒకటి ఆడుతున్నా. లోయ అంచున సన్నటి గట్టు మీద నడవాలి. సగం దూరం వెళ్లేసరికి కెమెరా, అంటే గేమ్ దృశ్యాన్ని చూపించే కోణం, తనంతట తనే అవతలి వైపుకి మారిపోతుంది. నా బొటనవేలు కదల్లేదు, కానీ మనవాడు లోయలో ఉంటాడు! కంట్రోలర్ మీద కెమెరా తిప్పే కుడి స్టిక్‌తో సరిచేస్తే, వదలగానే మళ్లీ మొదటికే. పైగా దూకడానికీ అంచు పట్టుకోవడానికీ ఒకటే బటన్. "అన్నయ్యా, నీకన్నా కెమెరానే బాగా ఆడుతోంది" అని మా చెల్లి వెక్కిరింపు. కంట్రోలర్ పోయిందంటారా?

జవాబు 1: కంట్రోలర్‌ది తప్పేం లేదు తమ్ముడూ. స్టిక్ దిక్కుని కెమెరాని బట్టి లెక్కగట్టే గేముల్లో యాంగిల్ మారితే దిక్కూ మారుతుంది. 1996లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్‌లో ఈ బాధ లేదు. పైకి నొక్కితే పాత్ర మొహం ఎటుంటే అటే నడుస్తుంది. తిరగడం మాత్రం సింహాచలం ఘాట్ రోడ్డులో బస్సు తిప్పినట్టే అనుకో. యాంగిల్ మారేచోట స్టిక్ వదిలేసి, క్షణం ఆగి మళ్లీ తొయ్.

జవాబు 2: సూపర్ మారియో 64 కూడా 1996దే. దాని కంట్రోలర్‌కి రెండో స్టిక్కే లేదు, కెమెరాకి పసుపు సీ బటన్లు. మీకు స్టిక్ ఉండి కూడా గేమ్ కెమెరాని వెనక్కి లాక్కోవడమంటే డిజైనర్ల మొండితనమే.

అడిగినవారు: ఆగి తోస్తే పనిచేసింది అన్నా, గట్టు దాటేశా. ఇప్పుడు నీళ్లలో ఈత. పైకీ కిందకీ తలకిందులు. ఆప్షన్స్‌లో ఇన్వర్ట్ (దిక్కు తిరగేసే సెట్టింగ్) ఉంది, అది కెమెరాకేనట!