చార్‌కోల్‌తో లాంగ్ పోజు గీస్తుంటే బొమ్మ బిగుసుకుపోతోంది, ఏం చేయాలి?

నేను ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నాను. ఎదురుగా మోడల్‌ని చూసి గీసే క్లాసంటే నాకు ప్రాణం. ఒకటి రెండు నిమిషాల జెశ్చర్ పోజుల్లో (ఒంటి కదలికను గబగబా పట్టే బొమ్మలకి) విల్లో చార్‌కోల్, అంటే విల్లో కొమ్మలు కాల్చి చేసిన మెత్తటి బొగ్గు, పట్టుకుంటే చేయి హాయిగా కదులుతుంది. వెన్ను వంపు, బరువు ఏ కాలి మీద ఉందన్నది వెంటనే కాగితం మీదికి వచ్చేస్తాయి.

చిక్కంతా 30 నిమిషాలు దాటిన పోజులతోనే. కొలతలు సరిచూస్తూ, నీడలు వేస్తూ పోయేకొద్దీ ఆ కదలిక మాయమై బొమ్మ కొయ్యబారిపోతోంది. నిలబడిన మనిషిని సుమారు 7.5 తలల ఎత్తుగా లెక్కవేయడం, చేయి చాచి పెన్సిల్‌తో కొలవడం అలవాటే. కానీ మోడల్ పాదాలు నా వైపు పెట్టి పడుకుంటే ఆ లెక్క పనికిరాదు. శరీరం చుట్టూ ఉన్న ఖాళీ ఆకారాలు చూసి గీస్తే కొంత నయం, అయినా తొడ వెనక్కి వెళ్తున్నట్టు అనిపించదు. అక్కడ అంచులు మెత్తబరచాలా, లేక మోకాలి దగ్గర గీత ముదురు చేయాలా?

ఇంకో సందేహం. విల్లో చార్‌కోల్ తేలిగ్గా చెరుగుతుంది, కంప్రెస్డ్ చార్‌కోల్ (బొగ్గు పొడిని బంకతో నొక్కి చేసిన ముదురు కడ్డీ) నీడెడ్ ఎరేజర్‌తో, అంటే పిండిలా పిసికే రబ్బరుతో, అద్దినా పూర్తిగా పోదు. అందుకే దాన్ని ముట్టుకోవాలంటేనే టెన్షన్. మీరు ఏ దశలో మొదలుపెడతారు?

ట్యాబ్లెట్‌లో గీయమని మాత్రం దయచేసి చెప్పకండి. వేళ్లతో బొగ్గు రుద్దే పనే నేను బాగా నేర్చుకోవాలనుకుంటున్నాను. లాంగ్ పోజులు గీసిన అనుభవం ఉన్నవాళ్లు మీరు పనిచేసే క్రమం కాస్త వివరంగా చెప్పగలరా?