మానసిక అనారోగ్యం సంగతి యాజమాన్యానికి చెప్పాలా, వద్దా?

సత్యవేడు వాసి:
శ్రీసిటీలోని ఒక కర్మాగారంలో పనిచేస్తున్న మా తమ్ముడికి బైపోలార్ రుగ్మత (కొన్నాళ్లు విపరీతమైన హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు కలిగించే జబ్బు) ఉంది. తిరుపతి రుయా ఆసుపత్రిలో చూపిస్తున్నాం. మందులతో నిలకడగానే ఉన్నా, రాత్రి షిఫ్టు పడిన వారాల్లో నిద్ర చెడి, మాట దూకుడెక్కి, తోటివారితో తగాదాలు వస్తున్నాయి. యాజమాన్యానికి చెప్పి పగటి షిఫ్టు అడగమని డాక్టరుగారు అంటుంటే, చెబితే ఉద్యోగం పోతుందని మా అమ్మ భయపడుతోంది. మీరేమంటారు?

తిరుచానూరు విశ్రాంత ఉద్యోగి:
చెప్పవద్దనే నా సలహా. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మానసిక అనారోగ్యాన్ని వైకల్యాల జాబితాలో చేర్చిన మాట నిజమే. అయితే ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని తొలగించరాదనే 20వ సెక్షన్ రక్షణ ప్రభుత్వ సంస్థలకే వర్తిస్తుంది. 2021 డిసెంబరులో మానసిక అనారోగ్యం ఉన్న రవీందర్ కుమార్ ధరివాల్ కేసులో ఆయనపై క్రమశిక్షణ చర్యలను సుప్రీంకోర్టు కొట్టివేసిందని సంబరపడేవారు, ఆయన సీఆర్పీఎఫ్ అధికారి అన్న సంగతి మరవకూడదు. కాంట్రాక్టు మీద ఉన్న కుర్రవాణ్ణి "రేపటి నుంచి రావద్దు" అనేటప్పుడు కారణం చూపేవారెవరు? పైగా కంపెనీ బస్సులో ఎక్కేది చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. ఇవాళ చెప్పిన మాట ఆదివారానికల్లా పెళ్లి సంబంధం చూసేవారి చెవిన పడుతుంది.

చిత్తూరు నర్సు:
పెద్దవారు చెప్పిన భయం ఉత్తది కాదు గాని, వారి సలహాతో ఏకీభవించలేను. దాచినంత మాత్రాన తగాదాలు ఆగవు. అవి ప్రవర్తన దోషంగా రికార్డుకెక్కితే, ఆ తరువాత జబ్బు సంగతి చెప్పినా సాకుగానే వినిపిస్తుంది. వైకల్య ధ్రువపత్రం కూడా ఇక్కడ అక్కరకు రాకపోవచ్చు. ఆ పత్రం కోసం వైకల్య శాతాన్ని తేల్చే ఐడియాస్ అనే కొలమానం తన పనులు తాను చూసుకోవడం, మనుషులతో సంబంధాలు, సంభాషణ, ఉద్యోగం అనే నాలుగింటిలో ఇబ్బందినీ, జబ్బు ఎన్నేళ్లుగా ఉందన్నదాన్నీ లెక్కగడుతుంది. రిజర్వేషన్ వంటి ప్రయోజనాలకు కనీసం 40 శాతం రావాలి. మందులు వేసుకుని కుదురుగా ఉన్నవాడికి అంత రావడం కష్టం (క్రమం తప్పనందుకు ఇదీ బహుమానం). నిద్రలేమి ఉన్మాద దశను (ఈ జబ్బులో హుషారు, దూకుడు హద్దు మీరే దశను) రేపగలదన్నది మాత్రం ఈ శాతాలతో నిమిత్తం లేని సంగతి. కాబట్టి జబ్బు పేరు ఎత్తకుండా, "వైద్య కారణాల వల్ల రాత్రి షిఫ్టు వేయరాదు" అని డాక్టరుగారి చేత రాయించండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం రోగి వివరాలను గోప్యంగా ఉంచడం ఆయన బాధ్యత కూడా.

తిరుచానూరు విశ్రాంత ఉద్యోగి:
ఆ చీటీ నెత్తినే "మానసిక వైద్య విభాగం" అని అచ్చయి ఉంటుంది కదమ్మా!

చిత్తూరు నర్సు:
ఉంటుందండీ, అందుకే అది సూపర్‌వైజరు చేతికి పోకూడదంటాను. ఫ్యాక్టరీలో వైద్యాధికారి ఉంటే మూసిన కవరులో ఆయనకే ఇచ్చి, షిఫ్టు మార్పు ఉత్తర్వు మాత్రమే కిందికి వచ్చేలా అడగాలి. లేనిచోట, అదే సలహాను ఎప్పుడూ చూసే ఊరి డాక్టరుగారు తమ చీటీ మీద రాసి ఇవ్వవచ్చు.