“సమానం నామ బిభ్రతో విరూపాః”: మండూక సూక్తంలో కప్పల గుర్తులు

ప్రశ్న: ఋగ్వేదం ఏడవ మండలంలో 103వదైన మండూక సూక్తంలో, ఆరవ ఋక్కు “గోమాయురేకో అజమాయురేకః పృశ్నిరేకో హరిత ఏక ఏషామ్” అని మొదలవుతుంది. గోమాయువంటే నక్క కదా, కప్పల వర్ణనలోకి ఎలా వచ్చింది? ఇక్కడ నాలుగు జాతుల కప్పలను చెప్పినట్లు తీసుకోవచ్చునా? పెద్దలు వివరించగలరు.

సమాధానం: నమస్కారమండీ. సంస్కృత నిఘంటువైన అమరకోశం వల్లె వేసినవారికి గోమాయువు అనగానే నక్క స్ఫురించడం సహజమే గాని, ఈ ఋక్కులో ఆ అర్థం పొసగదు. “మాయు” అంటే పశువు అరుపు. ఆవులా అరిచేది గోమాయువు, మేకలా అరిచేది అజమాయువు. ఋషి ముందు గొంతులను బట్టి వేరుచేసి, ఆ తరువాతే ఒంటిని చూశాడు: ఒకటి పృశ్ని, అంటే మచ్చలది, మరొకటి హరితం. ఆ వెంటనే వచ్చే “సమానం నామ బిభ్రతో విరూపాః” అన్న పాదమే ఈ ఋక్కుకు ప్రాణమని నా అభిప్రాయం. అన్నీ ఒకే పేరు మోస్తున్నా రూపాలు వేరని దాని భావం. అమరకోశం రాసిన అమరసింహుడు “భేకే మండూకవర్షాభూశాలూరప్లవదర్దురాః” అని కప్పకు వరుసగా పేర్లు చెప్పాడే తప్ప, ఏ పేరు ఏ కప్పకు చెందుతుందో చెప్పలేదు.

అయినా నాలుగు విశేషణాలకు నాలుగు జాతులను అంటగట్టడానికి నాకు మనసొప్పదు. మన చెరువుల్లోని పెద్ద బోదురుకప్పనే చూడండి. మామూలు రోజుల్లో అది ముదురు మచ్చలతో ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో ఉంటుంది. తొలకరి పడి జతకట్టే వేళ వచ్చేసరికి మగకప్ప ఒళ్లంతా నిమ్మపండు రంగుకు తిరిగి, గొంతుకు రెండు పక్కలా నీలిరంగు తిత్తులు ఉబ్బుతాయి. వేదభాషలో హరిత శబ్దం పసుపుకూ పచ్చకూ రెండింటికీ చెల్లుతుంది కనుక, పృశ్ని, హరితం అన్నవి ఒకే జాతికి చెందిన రెండు వేషాలు కావడానికీ అవకాశం ఉన్నది. రంగును నమ్మి జాతిని తేల్చడం కప్పల విషయంలో ఎప్పుడూ ప్రమాదమే.

ప్రశ్న: మరి బోదురుకప్ప అన్నది ఒకే జాతి పేరా?

సమాధానం: కాదండీ, అక్కడా ఈ ఋక్కు మాటే నిజమవుతుంది. తెలుగు నేలమీద చాలామంది బోదురుకప్ప అని పిలిచేవి రెండు దగ్గరి జాతులు. ఒకటి 1802లో ఫ్రెంచి జంతుశాస్త్రజ్ఞుడు డోదాఁ వర్ణించినది, శాస్త్రీయ నామం హోప్లోబ్యాట్రాకస్ టైగరైనస్. రెండవది, ఒకప్పుడు నెల్లూరులో సర్జనుగా పనిచేసిన జెర్డన్ 1853లో వర్ణించిన హోప్లోబ్యాట్రాకస్ క్రాసస్. పైనుంచి చూస్తే రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. తేడా వెనుకకాలి అడుగున, లోపలి వేలి మొదట్లో ఉండే బుడిపె దగ్గర బయటపడుతుంది: టైగరైనస్‌కు అది చిన్నగా, మొద్దుగా ఉంటే, క్రాసస్‌కు పెద్దదిగా, అంచు తేలి, మట్టి తవ్వే పార ఆకారంలో ఉంటుంది. క్రాసస్ ఆ బుడిపెతోనే మట్టిని వెనక్కి తోసుకుంటూ నేలలోకి దిగిపోతుంది. దాని ఒళ్లు మరింత బొద్దుగా, వెనుకకాళ్లు పొట్టిగా ఉండటం కూడా గమనించదగినదే.

మాండలికాల్లో కప్పల పేర్లు సేకరిస్తున్న సభ్యులకు ఒక మనవి. “పచ్చకప్ప”, “మచ్చలకప్ప” అని ఎవరైనా చెప్పినప్పుడు రంగుతో ఆగిపోకుండా, కాలి బుడిపె ఎలా ఉన్నదో, వేళ్ల కొనల్లో చెట్టెక్కే కప్పలకుండే గుండ్రటి బిళ్లలు ఉన్నాయో లేదో, తలమీద కన్ను చుట్టూ నల్లటి గట్టు ఉన్నదో లేదో, అరుపు ఎలా వినిపిస్తుందో కూడా అడిగి రాసుకోండి. అలా రాసుకోని పేరు నిఘంటువులోకి ఎక్కినా, అది ఏ కప్పదో తరువాత ఎవరూ తేల్చలేరు. మీ ఊళ్లో బోదురుకప్ప అన్న పేరు ఈ రెండింటిలో దేనికి వాడతారో, రెండవదానికి వేరే పేరు ఉన్నదో తెలిసినవారు జిల్లా పేరుతో సహా ఇక్కడ రాయగలరు.