‘ఓకే’ అన్న ఎల్లీ నమ్మినట్టా, నమ్మనట్టా? గేమ్ సీన్లలో దాచుకున్న మనసుని పట్టుకునేదెట్టా?

పెన్నా_ప్లేయర్ (నెల్లూరు)

స్పాయిలర్లు ఉంటాయి. ఆడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

గేమ్ సీన్ల మీద తెలుగులో పది పది నిమిషాల వీడియోలు చేద్దామని నలుగురం అనుకుంటా ఉండాం. మొదటిది ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ చివరి సీన్. రోగంతో పాడైపోయిన లోకంలో, ఆ రోగం అంటని పిల్ల ఎల్లీ, ఆమెని తోడుండి తీసకపోయే మనిషి జోయెల్. మందు కోసం ఎల్లీ ప్రాణం తియ్యబోయిన తిరుగుబాటు దళం ఫైర్‌ఫ్లైలు. జోయెల్ ఆసుపత్రిలో వాళ్లని చంపి ఎల్లీని తెచ్చేస్తాడు, ఆమెకి మాత్రం అబద్ధం చెప్తాడు. ఫైర్‌ఫ్లైల గురించి నువ్వు చెప్పిందంతా నిజమేనని ఒట్టెయ్యమంటది ఎల్లీ. జోయెల్ ఒట్టేస్తాడు. కాసేపు ఆగి ‘ఓకే’ అంటది. అంతే, తెర నల్లబడిపోద్ది. మాలో ఇద్దరు నమ్మిందంటారు, ఇద్దరు నమ్మలేదంటారు. ‘ముఖం చూస్తే తెలీట్లా’ అంటారేగానీ ముఖంలో ఏం చూశారయ్యా అంటే ఒక్కరూ చెప్పలేకుండా ఉండారు.

అడగాల్సినవి మూడు. సీన్‌లో ఏవి చూడాలి, ఏ వరసలో చూడాలి? రెండోది, ట్రంకు రోడ్డు పక్కన ఒక కెఫేలో పార్ట్ 1 (అదే గేమ్‌కి 2022 రీమేక్) రికార్డు చేస్తా ఉంటే ముఖాలన్నీ నారింజపండు మాదిరి వస్తా ఉండాయి, చీకటి సీన్లు బూడిద కొట్టినట్టుండాయి, ఎందుకని? మూడోది, పిక్సెల్ గేముల్లో ముఖమంటే పది చుక్కలు. వాటిల్లో ఏం చూస్తాం?

కావలి_కంట్రోలర్

ముఖంతో మొదలుపెట్టబాక తమ్ముడూ. మనసులో ఉండేది దాచాలనుకున్న మనిషి అన్నిటికంటే ముందు అదుపులో పెట్టుకునేది ముఖాన్నే. నువ్వు ముందు రాసుకోవాల్సింది ఆ పాత్ర మామూలు రోజున ఎట్టా ఉంటదో.

ఎల్లీ సంగతే తీసుకో. మామూలుగా ఉంటే ఈల వేయడం నేర్చుకుంటా ఉంటది, కుళ్లు జోకుల పుస్తకం తీసి చదువుద్ది, కనపడ్డ ప్రతిదాన్నీ ఇదేంది అదేంది అంటది. ఇదీ కొలబద్ద. దీన్ని చేతిలో పెట్టుకుని ‘స్ప్రింగ్’ చాప్టర్‌కి రా. గోడ దగ్గర ట్రయాంగిల్ బటన్ నొక్కితే జోయెల్ వంగి చేతులు కలుపుతాడు, ఎల్లీ వచ్చి కాలు పెడతది. గేమంతా మన వేలికి అలవాటైపోయిన పని. ఇక్కడ నొక్కుతావు, జోయెల్ వంగుతాడు, పిల్ల రాదు. కెమెరా తిప్పి చూస్తే దూరంగా ఏదో లోకంలో ఉంటది. పిలిస్తేగానీ రాదు. అంతకు ముందు ‘వింటర్’ చాప్టర్‌లో తనని బంధించిన ముఠా నాయకుడు డేవిడ్ వల్ల ఎంత నలిగిపోయిందో ఎల్లీ నోటితో చెప్పదు. వేలికి అలవాటైన బటన్ పని చెయ్యకపోవడమే చెప్తది. వెంటనే ఇంకోటి: నిచ్చెన అందించబోతా మధ్యలో దాన్ని వదిలేసి పరిగెత్తుద్ది. జిరాఫీల కోసం. పది నిమిషాల్లో రెండుసార్లు అలవాటు తప్పింది, ఒకటి కుంగి, ఒకటి పొంగి. పక్కపక్కన ఎందుకు పెట్టారో ఇంక చెప్పాలా?

ఇప్పుడు నీ చివరి సీన్. అందరూ చివరి క్లోజప్ మీద పడతారు. దానికి ముందు నడక చూడండయ్యా. అక్కడ మనం ఆడించేది ఎవరిని? ఎల్లీని. కాబట్టి నీకు కనపడేది జోయెల్ వీపు. గేమంతా ఎల్లీ వాగుతా ఉంటే జోయెల్ ముక్తసరిగా తేల్చేవాడు. ఇక్కడ కూతురు శారా గురించి జోయెల్ తనంతట తానే చెప్పుకుపోతా ఉంటాడు, ఎల్లీ ఒకటి రెండు మాటలతో సరిపెడతది. కాగితం మీద రెండు గీతలు గీసి ఎవరు ఎన్ని మాటలన్నారో లెక్కబెట్టు. ‘ఓకే’ రాకముందే సగం జవాబు ఆ లెక్కలో ఉంటది.

చేసే పద్ధతి: మొదటిసారి సౌండు, సబ్‌టైటిల్స్ రెండూ తీసేసి చూడు. రెండోసారి కళ్లు మూసుకుని విను. మూడోసారి రెండూ కలిపి. ఈ వరస తిరగేస్తే మాట అర్థం ముందే తలకెక్కి, ముఖంలో కూడా అదే కనపడుద్ది. రాసుకునేటప్పుడు టైము, చూపు ఎటుంది, చేతులు ఏం చేస్తా ఉండాయి, ఇద్దరి మధ్య ఎంత దూరం, ముందుగా పక్కకి తిరిగింది ఎవరు. ‘బాధగా ఉంది’ అని రాయబాక. అది నువ్వు కట్టిన అర్థం. ‘చూపు కిందికి, రెండు సెకన్లు’ అని రాయి. రెండు నిమిషాల సీనుకి గంటన్నర పడతది.

వస్తువులు కూడా. జోయెల్ వాచీ పుట్టినరోజుకి శారా ఇచ్చింది, శారా చనిపోయిన ఆ రాత్రే పగిలింది. 20 ఏళ్ల తర్వాత కూడా ఆడని వాచీ చేతికే ఉంటది. పగిలిపోయిందని ఎల్లీ అంటే కూడా తియ్యడు. నోరు తెరవని మనిషి చేతికి ఉండే వస్తువుని వదలబాక.

ఒంగోలు_ఫ్రేమ్‌రేట్

నీ రెండో ప్రశ్నకి. ఆ నారింజ రంగు గేముది కాదు. వాలరెంట్ లాంటి షూటింగ్ గేమ్ ఆడేవాళ్లు ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్లో (గ్రాఫిక్స్ కార్డు సెట్టింగులు) డిజిటల్ వైబ్రెన్స్, అంటే రంగుల గాఢత, పైకి తోసేస్తారు. అసలు విలువ 50 శాతం, అక్కడికి దించండి. బూడిద కొట్టినట్టు ఉండేది మానిటర్ పని: మూలల్లో దాక్కున్న శత్రువు కనపడాలని బ్లాక్ ఈక్వలైజర్, షాడో బూస్ట్ లాంటి పేర్లతో ఒక ఆప్షన్ ఉంటుంది, చీకటిని వెలిగిస్తుంది. తీసేయండి. సగం ముఖం చీకట్లో పెట్టడం లైటింగ్ చేసినవాళ్లు కావాలని చేసిన పని, ఈ ఆప్షన్ దాన్ని చెరిపేస్తుంది. ఈ రెండూ మీ కంటిని మోసం చేస్తాయే గానీ రికార్డింగ్ ఫైల్‌లోకి ఎక్కవు. ఫైల్‌ని ఫోన్‌లో వేసి చూసినా నారింజగానే ఉంటే మాత్రం గేమ్‌లోనో, రికార్డు చేసే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌లోనో ఫిల్టర్ పడి ఉంటుంది.

గేమ్ లోపల మోషన్ బ్లర్ (కదిలితే మసక), ఫిల్మ్ గ్రెయిన్ (సినిమా రేణువులు), క్రొమాటిక్ అబరేషన్ (అంచుల్లో రంగుల చీలిక) మూడూ సున్నా. డెప్త్ ఆఫ్ ఫీల్డ్ మాత్రం ముట్టుకోవద్దు, ఎవరిని మసకలో వదిలారన్నది కూడా మీకు ఆధారమే. అప్‌స్కేలింగ్ (చిన్న బొమ్మ గీసి పెద్దది చేసి చూపడం) సంగతి చాలామంది పట్టించుకోరు. 1080పీలో డీఎల్ఎస్ఎస్ గానీ ఎఫ్ఎస్ఆర్ గానీ పర్ఫార్మెన్స్ మోడ్‌లో పెడితే లోపల గీసేది 540పీ. కంట్లో తడి, రెప్ప చివర వణుకు, అన్నీ అలుక్కుపోతాయి. క్వాలిటీలో పెట్టండి, లోపల 720పీ వస్తుంది. కార్డు తట్టుకుంటే అప్‌స్కేలింగే వద్దు.

ఓబీఎస్‌లో సీక్యూపీ (నాణ్యత అంకె, తగ్గేకొద్దీ మేలు) 18 దగ్గర పెట్టి రికార్డు చేయండి. యూట్యూబ్‌కి ఎక్కించేముందు 1440పీకి పెంచితే చీకటి భాగాలు గళ్లు గళ్లుగా విరగడం తగ్గుతుంది. ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూడ్డానికి వీఎల్‌సీలో ‘ఈ’ కీ. యూట్యూబ్‌లో పాజ్ చేసి ఫుల్‌స్టాప్ నొక్కితే ముందుకి, కామా నొక్కితే వెనక్కి.

ముఖ్యమైనది ఇంకోటి. 2013 పీఎస్3 గేమ్‌లో కట్‌సీన్లు (మనం ఆడకుండా చూసే సీన్లు) ముందే తయారు చేసి పెట్టిన వీడియోలు. నటీనటుల ఒంటి కదలిక మోషన్ క్యాప్చర్‌దే (నటుల కదలికని రికార్డు చేయడం) గానీ ముఖాలు యానిమేటర్లు వాళ్ల వీడియో చూస్తూ చేత్తో చేసినవి. 2022 పార్ట్ 1లో అదే నటనకి ముఖాలు మళ్లీ చేశారు. ఒకదాంట్లో కనుబొమ చూసి, ఇంకోదాంట్లో పెదవి చూసి కలిపి తీర్పు చెప్పకండి. ఏ వెర్షనో వీడియో మొదట్లోనే చెప్పండి.

సింహపురి_చదువరి

మీరు వెతుకుతున్న దానికి మన దగ్గర పేరుంది. నాట్యశాస్త్రం చెప్పే 33 వ్యభిచారి భావాల్లో (వచ్చిపోయే భావాలు) ‘అవహిత్థ’ ఒకటి. అంటే లోపలి భావాన్ని కప్పిపుచ్చడం. అది బయటికి ఎలా కనపడుతుందో కూడా అక్కడే ఉంది: వేరే మాట ఎత్తుకోవడం, చూపు దించుకోవడం, మాట మధ్యలో తెంపడం, లేని ధైర్యం తెచ్చిపెట్టుకోవడం. ఈ నాలుగూ పట్టుకుని చివరి నడకలో జోయెల్ని చూడండి. ఆసుపత్రి మాట రాకుండా శారా మాట ఎత్తుకుంటాడు. అంత తేలిగ్గా ఉన్నట్టు నడవడం కూడా తెచ్చిపెట్టుకున్నదే. సీన్‌లో దాస్తున్న మనిషి ఎల్లీ ఒక్కతే అనుకుంటే పొరపాటు. దాచేవాళ్లు ఇద్దరు.

దీనికి తోడు సాత్త్విక భావాలు ఎనిమిది: స్తంభం (కొయ్యబారడం), స్వేదం (చెమట), రోమాంచం, స్వరభంగం (గొంతు తడబడటం), వేపథువు (వణుకు), వైవర్ణ్యం (పాలిపోవడం), అశ్రువు (కన్నీరు), ప్రళయం (స్పృహ తప్పడం). మనిషి తెచ్చిపెట్టుకున్నా రానివి, ఆపుకున్నా ఆగనివి. గేముల్లో వీటికి విలువ ఎక్కువ, ఎందుకంటే చెమట గానీ పాలిపోవడం గానీ ఊరికే రాదు, ఎవరో కూర్చుని పెడితేనే వస్తుంది.

నెల్లూరు వాళ్లకి తిక్కనని గుర్తు చేయక్కర్లేదు గానీ, విరాటపర్వంలో నిండు సభలో కీచకుడు ద్రౌపదిని తన్నినప్పుడు వంటవాడి వేషంలో ఉన్న భీముడు ఏం చేస్తాడు? అక్కడున్న చెట్టుకేసి చూస్తాడు. ధర్మరాజు వంటకట్టెల మాట తెచ్చి ఆపుతాడు. ఒక చూపు, ఆ చూపు వాలిన వస్తువు, సంబంధం లేనట్టుండే ఒక మాట. మీరు రాసుకునే కాగితంలో ‘చూపు దేనిమీద వాలింది’ అని ఇంకో గడి పెట్టండి.

కందుకూరు_కీఫ్రేమ్

అందరూ ఏమేం చూడాలో చెప్పారు. ఏవి చూసి మోసపోకూడదో నేను చెప్తా.

రెప్ప కొట్టడం చాలా గేముల్లో ఇంజిన్ దానంతట అదే కొట్టిస్తది. దగ్గరికి పోతే తల తిప్పి చూడటమూ అంతే. దారిలో పోయే పాత్ర నీకేసి గుచ్చి చూసిందని అనుమానం రాసుకుంటే నవ్వులపాలే. ‘విచర్ 3’లో సంభాషణ సీన్లకి కెమెరాలు, చేతి కదలికలు మొదట ఒక జనరేటర్ ప్రోగ్రాం వేసిచ్చింది, వాటిని మనుషులు దిద్దారు. అందుకే ఒకే చెయ్యూపు పది మంది దగ్గర కనపడుద్ది. ఏదన్నా కదలిక నచ్చితే అదే గేమ్‌లో ఇంకో మూడు సీన్లలో వెతుకు. దొరికితే కాగితంలోంచి కొట్టెయ్యి. అదే గేమ్‌లో మిస్ట్స్ దీవి గుడిసె చూడు: బయట మరుగుజ్జులు తలలు దించుకుని నిలబడి ఉంటారు, లోపల కథానాయకుడు గెరాల్ట్ తను కూతురిలా చూసుకునే సిరిని ఒళ్లోకి తీసుకుంటాడు, మాటల్లేవు. అలాంటి సీను జనరేటర్‌కి వదలరు.

పిక్సెల్ గేమ్ ‘సెలెస్ట్’లో కథానాయిక మ్యాడలిన్ జుట్టు నీలమైతే దిగులని కొంతమంది చెప్తారు. కాదు. డాష్ (గాల్లో ఒక్క దూకు) ఉంటే ఎరుపు, వాడేస్తే నీలం, రెండు డాష్‌లు ఉంటే గులాబీ. అయితే ఆ రెండో డాష్ ఎప్పుడొస్తది? తనలోని రెండో మనిషితో రాజీ పడ్డాక. రంగుకి కాదు, ఆ రంగు వచ్చిన వేళకి అర్థం చెప్పుకోవాలి. పిక్సెల్ గేములన్నిటికీ ఇదే: బొమ్మ ఎటు తిరిగి నిలబడింది, జవాబుకి ముందు ఎంతసేపు ఆగింది, పాట ఎక్కడ ఆగింది, మాటల డబ్బాలో ముఖం బొమ్మ ఎప్పుడు మారింది. సెలెస్ట్‌లో ఆ డబ్బా బొమ్మలే నీ క్లోజప్‌లు.

అనుమానితుల్ని ప్రశ్నించే ‘ఎల్.ఏ. నాయిర్’ (2011) గేమ్ చూసి నేర్చుకోబాకండి. 32 కెమెరాలతో ముఖాలు పట్టారు, నిజమే. కానీ అక్కడ అబద్ధమాడేవాడు చూపు తిప్పుతాడు, గుటకలు మింగుతాడు, ఆటగాడికి అందాలి కాబట్టి. చూపు తప్పిస్తే అబద్ధమన్నది బయట మనుషుల్లోనే నిలవదు. మన ఊళ్లో నాయన ముందు తలెత్తని పిల్లోడు అబద్ధాలకోరు అవుతాడా?

గట్టి ఆధారం కావాలంటే గేమ్ పొడుగూతా మెట్టు మెట్టుగా మారేది పట్టుకోండి. ‘షాడో ఆఫ్ ది కొలోసస్’లో 16 కొలోసస్‌లు, అంటే కొండంత జంతువులు. చనిపోయిన మోనో అనే పిల్లని బతికించుకోడానికి కథానాయకుడు వాండర్ వాటిని చంపుతాడు, ఒక్కోటి పడ్డాక గుడిలో తేలతాడు. ప్రతిసారీ ఒక స్క్రీన్‌షాట్ తీసి వరసగా పేర్చండి. ఒళ్లు మాసిపోతా, పాలిపోతా వస్తది, చుట్టూ నిలబడే నల్లనీడలు పెరుగుతా వస్తాయి, మోనో దగ్గర పావురాలూ పెరుగుతా వస్తాయి. వాడు నోరు తెరిచి ఒక్కసారి కూడా వెనక్కి తగ్గాలని అనడు.

ఇంకోటి. 2020లో వచ్చిన ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ రెండో భాగంలో ఎల్లీ నిజం తెలుసుకోడానికి ఆ ఆసుపత్రికే పోతది. దాన్ని తెచ్చి 2013 సీన్‌కి సాక్ష్యం పెట్టబాకండి. ఏడేళ్ల తర్వాత రాసిన కథ అది. వేరుగా చెప్పండి.

పెన్నా_ప్లేయర్ (నెల్లూరు)

వైబ్రెన్స్ 80లో ఉండింది, దించాం. మాటల లెక్క మొదలుపెట్టాం. ఒక్కటే మిగిలింది. వీడియోలో ఆ ‘ఓకే’ని తెలుగులో ఏమనాలి? ఒకడు ‘సరేలే’ అని రాశాడు, వినడానికి బాగుంది.

కావలి_కంట్రోలర్

ఆ ‘లే’ తీసెయ్యండి. ‘సరేలే’ అంటే నమ్మలేదుగానీ పోనీ అని. మీ నలుగురి కొట్లాటకి మీరే తీర్పు రాసేసినట్టు. ‘సరే’ అని మాత్రం పెట్టి, దానికి ముందు ఎల్లీ ఎంతసేపు ఆగిందో ఫ్రేముల్లో లెక్కబెట్టి, మీ గొంతు కూడా అంతసేపు ఆపండి. సబ్‌టైటిల్ ముందే పడకుండా చూసుకోండి.

సింహపురి_చదువరి

‘ఊఁ’ కూడా వద్దు. దానికి ఇరవై అర్థాలు.