ఒకే బిల్లు కార్డు మీద రెండుసార్లు పడింది: షాపుతో గొడవ పడకుండా డబ్బు ఎలా రాబట్టుకోవాలి?

పటమట నుంచి:
నమస్కారమండీ. విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక బట్టల షాపులో 6,480 రూపాయల బిల్లుకి క్రెడిట్ కార్డు ఇచ్చాం. పిన్ను కొట్టాక మిషన్ చాలాసేపు తిరిగింది గానీ చీటీ రాలేదు. "సిగ్నల్ పోయిందండీ, ఇంకోసారి పెడతా" అని కౌంటర్లో అబ్బాయి మళ్లీ పెట్టాడు. ఈసారి చీటీ వచ్చింది. ఇప్పుడు స్టేట్‌మెంట్లో 6,480 రెండుసార్లు ఉంది. షాపు పేరు బదులు వేరే ఏదో ఎంటర్‌ప్రైజెస్ పేరుంది. షాపుకి ఫోన్ చేస్తే "మాకు ఒక్కటే పడిందండీ" అంటున్నారు. ఇంట్లో అందరికీ తెలిసిన షాపు, మాటా మాటా అనుకోవడం ఇష్టం లేదు. అలాగని డబ్బు వదులుకోలేం. ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి?

కార్డుల డెస్కు:
ముందుగా ఒక మాట. బ్యాంకుకి ఫోన్ చేసినప్పుడు "ఈ ట్రాన్సాక్షన్ నేను చెయ్యలేదు" అని మాత్రం అనకండి. ఆ మాట వినగానే వాళ్లు మోసం కింద రాసుకుని కార్డు బ్లాక్ చేస్తారు. కొత్త కార్డు వచ్చేదాకా కరెంటు బిల్లు, ఫోన్ బిల్లు లాంటి ఆటో పేమెంట్లు ఆగిపోతాయి. ఇంత జరిగాక రికార్డు తీస్తే చిప్పు పెట్టి, పిన్ను కొట్టిన లావాదేవీ అని కనపడుతుంది. "కార్డు మీ దగ్గరే ఉంది, పిన్ను మీరే కొట్టారు" అని ఫైలు మూసేస్తారు. అసలు సమస్య అక్కడే ఉండిపోతుంది.

జరిగింది జరిగినట్టు చెప్పండి: "షాపులో కొన్నది ఒక్కసారే. మొదటి ప్రయత్నంలో చార్జ్ స్లిప్ రాలేదు. రెండో ప్రయత్నంలో వచ్చింది. రెండూ పోస్టయ్యాయి. ఒకటి వెనక్కి వెయ్యాలి." దీన్ని డూప్లికేట్ ట్రాన్సాక్షన్ అంటారు. యాప్‌లో డిస్ప్యూట్ (లావాదేవీ మీద అభ్యంతరం) పెట్టేటప్పుడు కూడా ఆ కారణమే ఎంచుకోండి.

ఇందులో "స్లిప్ రాలేదు" అన్న ముక్క అన్నిటికన్నా ముఖ్యం. ఖాతాలో డబ్బు తగ్గి, షాపు మిషన్ మీద స్లిప్ రాకపోతే, లావాదేవీ రోజు కాక 5 రోజుల్లోగా దానంతట అదే వెనక్కి పడాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు సర్క్యులర్ చెబుతోంది. అవి క్యాలెండర్ రోజులు, సెలవులు కలుపుకునే. ఆ గడువు దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం, మీరు అడగకపోయినా ఇవ్వాలి. అయినా మీ లేఖలో అడిగి ఉంచండి.

ఎంటర్‌ప్రైజెస్ పేరు చూసి కంగారు పడొద్దు. మిషన్ తీసుకున్నప్పుడు బ్యాంకులో ఏ పేరు నమోదైతే ఆ పేరే స్టేట్‌మెంట్లోకి వస్తుంది. బోర్డు మీద ఒక పేరు, జీఎస్టీలో ఇంకో పేరు ఉన్న షాపులు మన దగ్గర చాలా ఉన్నాయి. ఆన్‌లైన్లో కొంటే పేమెంట్ గేట్‌వే పేరు, పక్కన ముంబయో బెంగళూరో కనపడొచ్చు. మీ రెండో స్లిప్ పైన ఉన్న పేరుతో పోల్చి చూడండి, అదే అయ్యుంటుంది.

ఏలూరు రోడ్డు అకౌంట్స్:
షాపు లెక్కల వైపు నుంచి నేను చెబుతాను. "ఒక్కటే పడింది" అన్నవాళ్లు అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. కౌంటర్లో కూర్చునే అబ్బాయికి కనపడేది బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. అందులో బిల్లు ఒక్కటే ఉంటుంది. కార్డుల డబ్బు మాత్రం బిల్లుకొకటిగా రాదు. రోజు మొత్తం స్వైప్‌లన్నీ కలిపి, బ్యాంకు కమీషనూ దాని మీద జీఎస్టీ తీసేసి, మర్నాడు ఒకే మొత్తంగా ఖాతాలో పడుతుంది. అందులో 6,480 ఎక్కువ వచ్చిందా లేదా అన్నది సెటిల్‌మెంట్ రిపోర్టు లైనులైనుగా చూస్తే తప్ప తెలియదు.

కాబట్టి ఫోన్లో తేలదు, మనిషి వెళ్లాలి. ఆదివారం సాయంత్రమో, ఆషాఢం సేల్ రోజుల్లోనో వద్దు. మామూలు రోజున పొద్దున పదకొండు గంటల వేళ వెళ్లి, కౌంటర్లో కాకుండా లెక్కలు చూసేవారిని కలవండి. స్లిప్ జిరాక్సు, స్టేట్‌మెంట్లో ఆ రెండు లైన్లున్న పేజీ చేతిలో పెట్టండి. మిగతా ఖర్చులు కొట్టేసి, కార్డు నంబరులో చివరి నాలుగంకెలు మాత్రం ఉంచండి. "బాబూ, ఈ తేదీ సెటిల్‌మెంట్లో 6,480 రెండుసార్లు ఉందేమో కాస్త చూసిపెట్టు. ఉంటే రిఫండ్ పెట్టు, లేకపోతే లేదని రాసివ్వు, బ్యాంకుకి ఇచ్చుకుంటాను" అని అడగండి. నవ్వుతూ అడిగినా అది సూటి ప్రశ్నే. వాళ్లు ఏ జవాబిచ్చినా మీకు పనికొస్తుంది.

ఉందనుకోండి, తప్పు వాళ్లకే కనపడింది, రిఫండ్ పెడతారు. అదే రోజు రాత్రి బ్యాచ్ సెటిల్ చెయ్యకముందే, అంటే ఆ రోజు స్వైప్‌లన్నీ బ్యాంకుకి పంపకముందే గమనించి ఉంటే మిషన్ మీదే వాయిడ్ (రద్దు) కొట్టేవారు, అంతటితో పోయేది. సెటిలయ్యాక వాయిడ్ కుదరదు. అప్పుడు షాపువాళ్లు మిషన్ ఇచ్చిన బ్యాంకుకి టెర్మినల్ నంబరు, తేదీ, మొత్తం, ప్రతి లావాదేవీకి ఉండే 12 అంకెల ఆర్ఆర్ఎన్ నంబరు రాసి రిఫండ్ కోరాలి. ఆ మెయిల్‌లో మిమ్మల్ని కూడా కాపీలో పెట్టమనండి.

లేదనుకోండి, బిల్లు వెనకో లెటర్‌హెడ్ మీదో "ఫలానా తేదీన ఈ కార్డు నుంచి మాకు 6,480 ఒక్కసారే జమైంది" అని రాయించి, షాపు ముద్ర వేయించుకోండి. మీకు అడ్డంగా కనపడుతున్న ఆ "ఒక్కటే పడింది" అన్న మాటే కాగితం మీదికి వస్తే, బ్యాంకు దగ్గర అంతకన్నా గట్టి సాక్ష్యం లేదు. అందుకే వాళ్లతో వాదించొద్దు, రాయించుకోండి.

ఇంకొకటి, స్లిప్పుల కాగితం వేడికి, వెలుతురుకి తెల్లబడిపోతుంది. మన ఎండల్లో బండి డిక్కీలో పెడితే ఇంకా త్వరగా పోతుంది. ఇవ్వాళే ఫొటో తీసి పెట్టుకోండి.

పటమట నుంచి:
చాలా ఉపయోగపడిందండీ. ఇంకో సందేహం. మొత్తం బిల్లు 21,960. గడువు ఇంకా పన్నెండు రోజులుంది. తప్పుగా పడిన 6,480 ఆపి మిగతాది కట్టొచ్చా?

కార్డుల డెస్కు:
అడగకుండా ఆపకండి. మోసం అని నమోదైన లావాదేవీల మీద వివాదం తేలేదాకా చార్జీలు వెయ్యకూడదని రిజర్వు బ్యాంకు క్రెడిట్ కార్డు ఆదేశాల్లో ఉంది. మీది మోసం కాదు, కాబట్టి ఆ రక్షణ మీకు వస్తుందని అనుకోవద్దు. డిస్ప్యూట్ పెట్టినప్పుడే "తేలేదాకా ఈ 6,480 పక్కన పెట్టండి, లేదా టెంపరరీ క్రెడిట్ ఇవ్వండి" అని రాసి, సరేనన్న జవాబు మెయిల్లో రప్పించుకోండి. ఫోన్లో "పర్లేదు సర్, కట్టకండి" అన్న మాట మీద ఆధారపడొద్దు.

ఆ జవాబు గడువులోగా వస్తే 15,480 కట్టండి. రాకపోతే మొత్తం కట్టెయ్యడమే మేలు. నెలకి మూడున్నర శాతం వడ్డీ అనుకుంటే 6,480 మీద 226 రూపాయల 80 పైసలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి దాదాపు 268. ఇంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. పాత బాకీ మిగిలితే కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు పోతుంది, కొన్న రోజు నుంచే లెక్క మొదలవుతుంది. డబ్బు కట్టేసినంత మాత్రాన మీ డిస్ప్యూట్ బలహీనపడదు.

ఇక లేఖ. కోపం, వర్ణన ఏమీ వద్దు. చదివే ఉద్యోగికి రెండు నిమిషాల్లో అర్థమవ్వాలి. బ్యాంకు వెబ్‌సైట్లో ఉన్న మెయిల్‌కే పంపండి. ఇలా చాలు:

"అయ్యా, నా కార్డు (చివరి అంకెలు ____) మీద ____ తేదీన ____ పేరుతో రూ. 6,480 చొప్పున రెండు లావాదేవీలు పోస్టయ్యాయి. ఆర్ఆర్ఎన్‌లు: ____, ____. నేను కొన్నది ఒక్కసారే, బిల్లు నంబరు ____. మొదటి ప్రయత్నంలో చార్జ్ స్లిప్ రాలేదు. రెండోదాని స్లిప్, షాపు రాసిచ్చిన కాగితం జతచేశాను. రెండో లావాదేవీ నాకు సమ్మతమే. మొదటిది డూప్లికేటుగా పరిగణించి రూ. 6,480 వెనక్కి వేసి, దాని మీద వడ్డీ, జీఎస్టీ ఏమైనా వేసి ఉంటే అవీ తీసెయ్యగలరు. ఆలస్యానికి నిబంధనల ప్రకారం రావలసిన పరిహారం జమ చెయ్యగలరు. అప్పటిదాకా ఈ మొత్తాన్ని పక్కన పెట్టి, ఫిర్యాదు నంబరు తెలియజేయగలరు."

"రెండోది నాకు సమ్మతమే" అన్న వాక్యం తియ్యకండి. రెండూ కాదంటున్నారేమో అన్న అనుమానం వస్తే ఫైలు మళ్లీ మీ దగ్గరికే తిరిగొస్తుంది. ఆర్ఆర్ఎన్ యాప్‌లో దొరక్కపోతే కస్టమర్ కేర్‌ని అడగండి. ఆ ఫోన్ నంబరు కార్డు వెనక చూసి కొట్టండి. గూగుల్లో వెతికితే దొంగ నంబర్లు తగులుతాయి. రిఫండ్ కోసం ఓటీపీ, సీవీవీ, పిన్ను అడిగే బ్యాంకు ఏదీ లేదు. స్క్రీన్ షేర్ చెయ్యమంటే వెంటనే ఫోన్ పెట్టెయ్యండి.

గడువు సంగతి: వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్కుల్లో చార్జ్‌బ్యాక్‌కి (మీ బ్యాంకు ద్వారా షాపు బ్యాంకు నుంచి డబ్బు వెనక్కి తెప్పించుకోవడానికి) రకాన్ని బట్టి 90 లేదా 120 రోజుల లెక్కలు ఉంటాయి. షాపువాళ్లు "ఇదిగో అదిగో" అంటూ నెలలు గడిపితే ఆ దారి మూసుకుపోతుంది. వాళ్లకి ఒక వారం ఇవ్వండి. ఈలోగా బ్యాంకులో ఫిర్యాదు నంబరు మాత్రం తీసి ఉంచండి.

బ్రాడీపేట నుంచి:
మాది గుంటూరండీ, ఇలాంటిదే ఒకటి. ఆసుపత్రిలో అడ్వాన్సు 20,000 కార్డు మీద కట్టాం, చివరి బిల్లు 13,500 అయింది. మిగతా 6,500 కార్డుకే వేశామంటున్నారు, మాకు రాలేదు. ఇప్పుడు "పోనీ క్యాష్ తీసుకోండి" అంటున్నారు.

కార్డుల డెస్కు:
క్యాష్ ఇప్పుడే తీసుకోకండమ్మా. నిజంగా కార్డుకి పంపి ఉంటే రెండుసార్లు వచ్చినట్టవుతుంది, తర్వాత లెక్క తెగదు. రిఫండ్ తాలూకు ఏఆర్‌ఎన్ అడగండి. అది 23 అంకెల నంబరు. దాన్ని మీ కార్డు బ్యాంకుకి ఇస్తే డబ్బు ఎక్కడుందో వాళ్లు పట్టుకోగలరు. "వేశాం" అంటూ ఆ నంబరు ఇవ్వలేకపోతున్నారంటే, రిఫండ్ ఇంకా వాళ్ల దగ్గర కాగితం మీదే ఉందని అర్థం. అప్పుడు రిఫండ్ ఇస్తామన్న కాగితమో మెసేజో తీసుకోండి. దాని తేదీ నుంచి 15 రోజులు చూసి, రాకపోతే "క్రెడిట్ రాలేదు" అన్న కారణంతో డిస్ప్యూట్ పెట్టండి. ఇది డూప్లికేట్ కింద రాదు, కారణం మార్చి రాస్తే తిరస్కరిస్తారు. రిఫండ్ గడువు తేదీలోగా కార్డులో పడితేనే ఆ బిల్లులో సర్దుబాటవుతుంది. "వస్తుంది" అన్న నమ్మకంతో తగ్గించి కట్టొద్దు.

బెంజ్ సర్కిల్ నుంచి:
పెట్రోలు వెయ్యి రూపాయలకి కొట్టిస్తే 1,011.80 పడింది. ఇదీ తప్పేనా?

ఏలూరు రోడ్డు అకౌంట్స్:
కాదండీ. ఒక శాతం సర్‌చార్జీ 10 రూపాయలు, దాని మీద జీఎస్టీ 1.80. చాలా కార్డులకి ఆ 10 తర్వాత వెనక్కొస్తుంది, జీఎస్టీ రాదు. మీ కార్డుకి మాఫీ ఉందో లేదో, కనీసం ఎంత కొట్టించాలో షరతుల్లో చూడండి.

పటమట నుంచి:
బ్యాంకు కూడా కాదంటే?

కార్డుల డెస్కు:
కాదంటే ఆధారం చూపించమనండి. బిల్లు మీద అభ్యంతరం చెప్పినప్పుడు వివరణ, అవసరమైన చోట కాగితాలతో సహా, ఫిర్యాదు చేసిన 30 రోజుల్లోగా ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు క్రెడిట్ కార్డు ఆదేశాల్లోనే ఉంది. 30 రోజులకీ జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారికి) రాయండి. రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల సైటు సీఎంఎస్ పోర్టల్లో ఆన్‌లైన్‌గా పెట్టొచ్చు, ఫీజు లేదు. సందేహాలకి 14448. బ్యాంకుకి రాయకుండా నేరుగా అక్కడికి వెళ్తే తిప్పి పంపుతారు, అందుకే ఆ ఫిర్యాదు నంబరు అంత ముఖ్యం. షాపు మీదే పేచీ అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

నిజంగా మీకు తెలియని లావాదేవీ అయితే దారి వేరు: వెంటనే కార్డు బ్లాక్ చేయించి, బ్యాంకుకి 3 పనిదినాల్లోగా తెలియజేసి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి.

చివరిగా ఇంకొక్క సంగతి. టెంపరరీ క్రెడిట్ పడగానే పని అయిపోయిందనుకోకండి. షాపు బ్యాంకు రెండు స్లిప్పులు పంపి వాదిస్తే ఆ 6,480 మళ్లీ డెబిట్ చేస్తారు. అప్పుడు మీకు మెయిల్ వస్తుంది, జవాబుకి కొద్ది రోజులే ఉంటాయి. కాబట్టి మెయిల్లో స్పామ్ ఫోల్డరు కూడా చూస్తుండండి. మొదటి స్వైప్‌కి స్లిప్ ఉందంటే దాని నకలు అడగండి, అది ఏ బిల్లు నంబరుదో చూపించమనండి. ఈలోగా షాపువాళ్లే రిఫండ్ వేస్తే ఆ రోజే బ్యాంకుకి రాసి డిస్ప్యూట్ మూయించండి. షాపుకి కూడా ఒక ఫోన్ చేసి, అందిందని చెప్పండి.