యూరియాతో మాగబెట్టిన వరిగడ్డికి బూజు పట్టింది, కారణం ఏమై ఉంటుంది?

ప్రశ్న:
రెండు పాడి గేదెలు. మిషను కోత గడ్డి, బేలర్ (గడ్డిని బిగించి కట్టే యంత్రం) కట్టలు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 25 లీటర్ల నీళ్లలో కరిగించి కట్టల మీద చల్లి టార్పాలిన్ కప్పాను. 21 రోజులకు తీస్తే పైన తెల్ల బూజు, లోపల ఎప్పటి ఎండుగడ్డే. ఘాటు వాసన లేదు. గేదెలు మూతి పెట్టట్లేదు. బూజు దులిపి వేయొచ్చా?

జవాబు 1:
వేయకండి. బూజు గడ్డి తిన్న గేదెలకు తోక కొస, చెవుల అంచులు నల్లబడి ఎండిపోతాయి, గిట్టల పైన పుండ్లు పడతాయి. డెగ్నాలా అంటారు. ఆ గడ్డిని పెంటకుప్పలో కలపండి.

యూరియా లెక్క సరిపోయింది. నీళ్లు సగమే పోశారు, పైగా కట్టలు విప్పలేదు. బిగించిన కట్టలోకి ద్రావణం దిగదు. తడి తగలని చోట యూరియా అమ్మోనియాగా మారదు. పీచును మెత్తబరిచేదీ, బూజును ఆపేదీ ఆ అమ్మోనియానే.

ఈసారి 50 లీటర్లు పోయండి. కట్టలు విప్పి, జానెడు మందాన పరిచి, పూలమొక్కలకు నీళ్లు చల్లే డబ్బాతో ద్రావణం చల్లి, కాళ్లతో గట్టిగా తొక్కి, మళ్లీ పొర వేయండి. చివర్న చిల్లుల్లేని పాలిథిన్ కప్పి, అంచులు మట్టితో మెత్తాలి. గాలి చొరబడితే అమ్మోనియా పోతుంది, మిగిలేది తడే. బాగా మాగిన గడ్డి ముదురు తేనె రంగుకొస్తుంది, ముక్కు అదిరేంత ఘాటు ఉంటుంది.

జవాబు 2:
ఆ ఘాటుతోనే మేపకూడదు. రోజుకు సరిపడా తీసి, నీడలో గంటా రెండు గంటలు ఆరబెట్టి వేయాలి. మొదట మామూలు గడ్డిలో ఒక కిలో కలిపి, వారం పది రోజుల్లో పెంచండి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు. వరిగడ్డిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటబట్టనివ్వవు కాబట్టి గేదెకు రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం తప్పనిసరి.

యూరియా కలిపిన బకెట్ పశువుల దగ్గర వదిలేయడం అన్నిటికన్నా ప్రమాదం. అడుగున మిగిలింది తాగితే కొద్దిసేపట్లోనే వణుకు, నురగ, కడుపుబ్బరం వస్తాయి. వెంటనే డాక్టరును పిలవాలి.

జవాబు 3:
వేరుశనగ కట్టె (కాయలు తీశాక మిగిలే ఎండు మొక్కలు) దొరికితే ఈ శ్రమంతా అక్కర్లేదు. వరిగడ్డి కన్నా మాంసకృత్తులు చాలా ఎక్కువ. రెండూ కలిపి నరికి వేయండి. వానకు తడిసి నల్లబడిన కట్టె మాత్రం కొనొద్దు, అందులోని బూజు విషం పాలలోకీ దిగుతుంది.