మా అన్నయ్య తాగుడు మానాలంటే ఎక్కడ చూపించాలి?

మాది తెనాలి దగ్గర పల్లె. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుంటే అన్నయ్య చేతులు వణుకుతాయి, క్వార్టర్ పడితే గానీ ఆగవు. మానేస్తానని తనే అంటున్నాడు. వదినేమో ఎవరో చెప్పారని కూరలో తాగుడు మాన్పించే మందు కలుపుదామంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: కలపనివ్వకమ్మా! తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ అనే మందు తెలియకుండా పెడితే, పైన తాగినప్పుడు బీపీ పడిపోయి ప్రాణం మీదకొస్తుంది.

జవాబు: వణుకు ఉందంటే ఇంట్లో ఒక్కసారిగా మాన్పించకండి. మా ఆయనకి అలాగే ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రిలో చేర్చుకుని వణుకు తగ్గే మాత్రలు, విటమిన్ బి1 ఇంజెక్షన్లు ఇచ్చారు. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)లో సైకియాట్రీ ఓపీ ఉంది.

జవాబు: మత్తు అలవాట్లు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చెయ్యండి, డబ్బులు పడవు. ఇంటికొచ్చాక తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకి పంపండి. వదినగారి లాంటి ఇంట్లోవాళ్లకి అల్-అనాన్ అని అలాంటి మీటింగులే ఉన్నాయి, ఆవిడా అలిసిపోయుంటారు.

అందరికీ థాంక్సండీ. వదినకి చదివి వినిపించాను. సోమవారం ఓపీకి ముగ్గురం వెళ్తున్నాం.